రోయింగ్ మెషీన్‌పై కాలప్రమాణం

గచ్చిబౌలి, మాధాపూర్, కూకట్‌పల్లి ప్రాంతాల జిమ్‌లలోనూ, పెద్ద అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లలోనూ ట్రెడ్‌మిల్లుల వరుస చివర ఒకటో రెండో రోయింగ్ మెషీన్లు ఉండడం ఇప్పుడు మామూలైంది. వాటిపై కూర్చునే కొత్తవారు చాలామంది మొదటి మూడు నాలుగు నిమిషాలు జోరుగా లాగి, ఊపిరి అందక నెమ్మదించి, స్పీకర్‌లో పాట ఊపందుకోగానే మళ్లీ జోరు పెంచి, అరగంట చేద్దామని కూర్చున్నది పావుగంటకే దిగిపోతుంటారు. దీన్ని ఓపిక చాలకపోవడంగా భావించడం పరిపాటి. కానీ ఆ ఒడిదుడుకులలో మోగుతున్న పాటకు కూడా పెద్ద పాత్ర ఉంది. దాన్ని ఉత్సాహానికి సంబంధించిన విషయంగా కాక, లెక్కకు సంబంధించిన విషయంగా చూడాలి.

జిమ్‌లలో మోగే హుషారు పాటలు చాలావరకు నిమిషానికి 120 నుంచి 130 దరువుల వేగంలో ఉంటాయి. అవి నాలుగేసి దరువుల నడకలో సాగుతాయి కాబట్టి, వినేవారి శరీరం తెలియకుండానే నాలుగు దరువులకు ఒక స్ట్రోక్ (హ్యాండిల్‌ను ఒకసారి లాగి, తిరిగి మొదటి స్థితికి రావడం) చొప్పున లాగడానికి మొగ్గుతుంది. 120ని నాలుగుతో భాగిస్తే 30. నిమిషానికి 30 స్ట్రోకులు అంటే అది పోటీలో పాల్గొనేవారి వేగానికి దగ్గరి లెక్క; నిలకడగా అరగంట, ముప్పావుగంట సాగించే సాధనకు 18 నుంచి 24 స్ట్రోకులు చాలు. పోనీ ఎనిమిది దరువులకు ఒక స్ట్రోక్ అనుకుంటే 15 వస్తుంది, అది మరీ నెమ్మది. ఆరు దరువులకు ఒకటి చొప్పున లాగితే సరిగ్గా 20 వస్తుంది గానీ, నాలుగేసిగా సాగే పాటలో ఆరేసి లెక్కపెట్టుకుంటూ లాగాలంటే ఒక స్ట్రోక్ పాట మొదటి దరువుపై, తర్వాతి స్ట్రోక్ మూడో దరువుపై మొదలవుతాయి. చెవి ఒక చోట బలం వినిపిస్తుంటే కాళ్లు మరోచోట బలం పెట్టాలి. లయజ్ఞానం ఉన్నవారికి కూడా ఇది ఎక్కువసేపు నిలవదు. నిలకడ సాధనకు కావలసిన వేగాలు, హుషారు పాటలు సహజంగా ఇచ్చే రెండు వేగాల మధ్య ఖాళీలో పడిపోవడమే అసలు చిక్కు.

మెషీన్ చూపే అంకెలను విడదీసి చూస్తే సంగీతం దేన్ని మార్చగలదో, దేన్ని మార్చలేదో తేటపడుతుంది. గాలి చక్రంతో నడిచే మెషీన్లు ఇప్పుడున్న రూపం తీసుకోవడంలో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన కాన్సెప్ట్2 సంస్థ 1981లో విడుదల చేసిన నమూనాది పెద్ద పాత్ర. ఆ సంస్థ మానిటర్లు 500 మీటర్లకు పట్టే సమయాన్ని వేగానికి కొలతగా చూపుతాయి. దీన్నే స్ప్లిట్ అంటారు. దానికీ శక్తికీ మధ్య ఉన్న సంబంధం ఘన సంబంధం: ఒక మీటరుకు పట్టే సెకన్లను ఘనం చేసి, 2.8ని దానితో భాగిస్తే వాట్లు వస్తాయి. 2:30 స్ప్లిట్‌కు సుమారు 104 వాట్లు చాలు. 2:15కు 142, 2:00కు 203 వాట్లు కావాలి. స్ప్లిట్‌లో ఐదు సెకన్ల తేడా చూడడానికి చిన్నదే, కానీ 2:15 నుంచి 2:10కి చేరాలంటే శరీరం దాదాపు 12 శాతం అదనపు శక్తిని అందించాలి.

ఆ శక్తి రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి, నిమిషానికి ఎన్ని స్ట్రోకులు అన్నది. రెండోది, ఒక్కో స్ట్రోక్‌లో ఎంత బలం పెట్టారన్నది. 142 వాట్లను నిమిషానికి 20 స్ట్రోకులతో సాధించాలంటే ఒక్కో స్ట్రోక్‌కు సుమారు 427 జౌళ్ల పని చేయాలి. 24 స్ట్రోకులతోనైతే 356 జౌళ్లు చాలు. సంగీతం పట్టుకోగలిగేది మొదటిదాన్ని మాత్రమే. రెండోది కాళ్ల పని, దానికి పాట హామీ ఇవ్వదు. లయ తప్పకుండా నిమిషానికి 20 స్ట్రోకులే వేస్తున్నా, ఒక్కో స్ట్రోక్‌లో బలం పదో వంతు తగ్గితే స్ప్లిట్ 2:15 నుంచి సుమారు 2:20కి జారుతుంది. అందువల్ల ‘పాట పెట్టుకున్నా వేగం నిలవడం లేదు’ అనే ఫిర్యాదు విన్నప్పుడు మొదట చూడవలసింది స్ట్రోక్ రేటు మారుతోందా, లేక రేటు స్థిరంగా ఉండి బలం తగ్గుతోందా అన్నది. మొదటిదైతే మంచి లయ దాన్ని సరిదిద్దగలదు. రెండోదైతే ఎంచుకున్న స్ప్లిట్టే ఆ మనిషికి ఆ రోజు ఎక్కువ.

అసలు వేగం ఎందుకంత నిలకడగా ఉండాలన్న ప్రశ్నకు కూడా నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి. సగం సమయం 2:05తో, సగం సమయం 2:25తో లాగితే, అంతే దూరాన్ని ఒకే వేగంతో లాగినదానికంటే యాంత్రికంగా ఖర్చయ్యే అదనపు శక్తి రెండు శాతం కూడా ఉండదు. నష్టం ప్రధానంగా ఒంట్లో జరుగుతుంది. 2:05 దగ్గర పని 179 వాట్లు, 2:25 దగ్గర 115. మధ్యస్థ దారుఢ్యం ఉన్నవారికి మొదటిది కండరాలలో లాక్టేట్ (తీవ్ర శ్రమలో పుట్టే పదార్థం) పేరుకునే తీవ్రత కావచ్చు, రెండోది తేలిక పని. ఆ పైమెట్టు మీద గడిపిన నిమిషాలకు మూల్యం తర్వాతి నిమిషాలలో ఆయాసంగా చెల్లించాలి. ఒకే మెట్టు మీద ఉండడానికి లయ సాయపడితే, ఆ సాయం చిన్నది కాదు.

ఆ సాయం ఎలా అందుతుందో తెలియాలంటే చెవికీ చేతికీ మధ్య జరిగేది గమనించాలి. దరువుకు చెయ్యి కలపడంపై మనస్తత్వ శాస్త్రంలో దశాబ్దాలుగా ప్రయోగాలు జరిగాయి. తాళం వేసే చెయ్యి దరువు విన్న తర్వాత కదలదు, తర్వాతి దరువు ఎప్పుడు పడుతుందో ముందే ఊహించి కదులుతుంది. అందుకే సాధారణంగా దరువు కంటే సెకనులో కొన్ని వందో వంతుల ముందే పడుతుంది. ఈ ఊహకు ఒక హద్దు ఉంది. రెండు దరువుల మధ్య ఎడం రెండు సెకన్లకు చేరువయ్యేసరికి ఊహ చెదిరిపోయి, మనిషి దరువు విన్నాకే స్పందించడం మొదలుపెడతాడు. రోయింగ్‌కు ఇది చాలా ముఖ్యమైన సంగతి. నిమిషానికి 20 స్ట్రోకులంటే స్ట్రోక్‌కూ స్ట్రోక్‌కూ మధ్య మూడు సెకన్లు. మెట్రోనోమ్‌ను 20కి పెట్టి, ప్రతి ‘టిక్’కూ ఒక స్ట్రోక్ లాగాలనుకునేవారు లయ తప్పేది ఇందుకే. ఆ మూడు సెకన్లను లోపల చిన్న భాగాలుగా విభజించే లయ కావాలి, ఆ విభజన స్ట్రోక్ నిర్మాణానికి సరిపోవాలి.

స్ట్రోక్‌లో రెండు భాగాలుంటాయి. ముందుకు వంగి హ్యాండిల్ పట్టుకున్న క్యాచ్ స్థితి నుంచి కాళ్లతో తోసి, నడుము తెరిచి, హ్యాండిల్‌ను పక్కటెముకల కిందికి లాగడం డ్రైవ్. చేతులు చాచి, నడుము ముందుకు వంచి, సీటును నెమ్మదిగా ముందుకు జరుపుకుంటూ మళ్లీ క్యాచ్‌కు చేరడం రికవరీ. నిలకడ సాధనలో డ్రైవ్‌కు ఒక వంతు కాలం, రికవరీకి రెండు వంతులు ఇవ్వాలని శిక్షకులు చెబుతారు. కొత్తవారు తప్పేది ఎక్కువగా రెండో భాగంలోనే. బలంగా లాగిన ఊపులోనే సీటును గబగబా ముందుకు తెచ్చేస్తారు. విశ్రాంతి దొరకవలసిన క్షణాలు తొందరలో కరిగిపోతాయి, రేటు పెరుగుతుంది, ఊపిరి తప్పుతుంది. లాగడంలో కండరాలే వేగాన్ని నిర్ణయిస్తాయి గానీ, రికవరీలో శరీరాన్ని ఆపి ఉంచేది ఏదీ లేదు. సంగీతం అసలు పని అక్కడే. అది లాగడానికి పురమాయించే శక్తిగా కంటే, తిరిగి వచ్చే దారిలో తొందరపడనివ్వని కొలతగా ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఒకటికి రెండు అన్న ఈ నిష్పత్తిని కర్ణాటక సంగీతంలోని రూపక తాళం ఉన్నదున్నట్టుగా అందిస్తుంది. రూపకానికి రెండు అక్షరాల ద్రుతం, ఆపై నాలుగు అక్షరాల లఘువు, మొత్తం ఆరు అక్షరాలు. ఆచరణలో దీన్ని రెండు దెబ్బలు, ఒక విసర్జితంగా (చేతిని విసరడం) మూడు క్రియలతో వేస్తారు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో, రవీంద్రభారతిలోనో కచేరీ వింటూ తొడపై తాళం వేసే రసికులకు ఇది చేతికి అలవాటైన లెక్కే. మొదటి దెబ్బకు డ్రైవ్ మొదలై రెండో దెబ్బకు ముగియాలి. రెండో దెబ్బ నుంచి విసర్జితం వరకు చేతులు చాచి నడుము వంచడం పూర్తి కావాలి, విసర్జితం నుంచి తర్వాతి మొదటి దెబ్బ వరకు సీటు జరగాలి. ఒక్కో క్రియకు ఒక సెకను ఇస్తే ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకు, మూడు సెకన్లు, నిమిషానికి 20 స్ట్రోకులు. క్రియలను నిమిషానికి 66కి పెంచితే 22 స్ట్రోకులు, 72కు పెంచితే 24. ఎంత కావాలంటే అంత మెల్లగా పెంచుకోవచ్చు, నిష్పత్తి మాత్రం చెడదు.

ఇంకా ఆసక్తికరమైనది రేటు పెరిగినప్పుడు జరిగేది. రేటు పెరిగేకొద్దీ డ్రైవ్‌కు పట్టే కాలం పెద్దగా తగ్గదు, రికవరీయే ఎక్కువగా కుదించుకుపోతుంది. అంటే నిష్పత్తి మారుతుంది. 27 స్ట్రోకుల దగ్గర ఒక స్ట్రోక్‌కు సుమారు 2.2 సెకన్లు. దాన్ని ఐదు లెక్కల తాళమైన ఖండచాపు నడకలో రెండు, మూడుగా విడదీస్తే డ్రైవ్‌కు సుమారు 0.9 సెకను, రికవరీకి 1.3 సెకన్లు దక్కుతాయి. 30 స్ట్రోకుల దగ్గర ఉన్న రెండు సెకన్లను ఏడు లెక్కల మిశ్రచాపులో మూడు, నాలుగుగా విడదీస్తే డ్రైవ్‌కు 0.86, రికవరీకి 1.14. రూపకం నుంచి ఖండచాపుకు, అక్కడి నుంచి మిశ్రచాపుకు వెళ్తుంటే, రేటు పెంచుకుంటూ పోయే అనుభవజ్ఞుడి స్ట్రోక్‌లో సహజంగా కలిగే మార్పే ఆ తాళాలలోనూ కనిపిస్తుంది. ఈ తాళాలు పడవల కోసం పుట్టినవి కావు, ఈ పోలిక కేవలం అంకెల పొందిక. అయినా ఇంట్లో పిల్లల సంగీత పాఠాల కోసం తాళం యాప్ ఫోన్‌లో ఉన్న కుటుంబాలు ఎన్నో ఉన్న ఈ నగరంలో, ఆ పొందికను వాడుకోకపోవడం నష్టమే.

కృతులను నేరుగా పెట్టుకుంటే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. ఆలాపన భాగంలో దరువు ఉండదు. చాలా కృతుల్లో సాహిత్యం సమంలో, అంటే తాళం మొదటి దెబ్బపై, కాక కొంత ఎడంగా ఎత్తుకుంటుంది, కాబట్టి పల్లవి మొదటి మాటను క్యాచ్‌గా భావిస్తే స్ట్రోక్ మొత్తం పక్కకు జరుగుతుంది. తాళవాద్యం ఒంటరిగా మోగే తని ఆవర్తనంలో మృదంగ విద్వాంసుడు నడకలు మారుస్తుంటే తాళాన్ని మనసులో పట్టి ఉంచగల శ్రోతకు తప్ప మిగతావారికి గందరగోళమే. తాళం తప్పనివ్వకుండా వేగాన్ని మొదటి నుంచి చివరి వరకు ఒకేలా నిలపడాన్ని సంగీతజ్ఞులు కాలప్రమాణం అంటారు. దాన్ని సాధించడం గాయకులకే ఏళ్ల సాధన. కచేరీ ఊపులో వేగం కొద్దికొద్దిగా పెరగడం శ్రోతలందరికీ తెలిసిన సంగతే. అలాంటి కచేరీ రికార్డింగ్‌ను అనుసరిస్తే రోయింగ్ రేటు కూడా దానితో పాటే పాకుతుంది. అందువల్ల మొదటి కొన్ని వారాలు పాట కంటే యాప్ వేసే ఉత్త తాళమే మేలు. విసుగ్గా అనిపిస్తే శ్రుతిని తోడు చేసుకోవచ్చు.

సినిమా పాటలే కావాలనుకునేవారు ఎంపికలో జాగ్రత్త పడితే చాలు. నాలుగు దరువుల నడకలో నిమిషానికి 80 దరువుల పాట 20 స్ట్రోకులకు, 88 అయితే 22కు, 96 అయితే 24కు సరిపోతుంది. అంటే వెతకవలసింది డాన్సు పాటల్లో కాదు, మధ్యస్థ వేగపు మెలొడీల్లో. ఇక్కడా ఒక లోటు ఉంది: ఒక దరువుకు డ్రైవ్, మూడు దరువులకు రికవరీ అనుకుంటే, 80 వేగంలో డ్రైవ్‌ను ముప్పావు సెకనులో ముగించాలి. మితమైన బలంతో లాగేవారికి అది కాస్త హడావుడి. డ్రైవ్ దరువును దాటి సాగినా ఫరవాలేదు, క్యాచ్ మాత్రం ప్రతిసారీ మొదటి దరువుపైనే పడితే రేటు నిలుస్తుంది. జానపద బాణీల్లో ఎక్కువగా వినిపించే ఆరు మాత్రల నడక మూడు, మూడుగా విడిపోయి ఊగుతుంది. అది రెండు సమ భాగాలను సూచిస్తుంది కాబట్టి రికవరీని తొందరపెడుతుంది. పాత పాటలు వాద్యబృందం ఒకేచోట కూర్చుని వాయించినవి, వాటి వేగం చరణానికీ పల్లవికీ మధ్య కొంచెం అటూ ఇటూ అవుతుంది. కంప్యూటర్ క్లిక్‌కు వాయించిన ఇటీవలి పాటల్లో ఆ సమస్య లేదు గానీ, దరువు పూర్తిగా ఆగిపోయి మళ్లీ ఒక్కసారిగా విరుచుకుపడే చోట్లు ఎక్కువ. అక్కడ రేటు నాలుగైదు స్ట్రోకులు ఎగబాకడం మానిటర్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. బోనాల ఊరేగింపుల తీన్మార్ దరువులు, పాతబస్తీ మర్ఫా వరుసలు కాళ్లను లేపి ఆడించడానికి పుట్టినవి. వాటిని ఒక నిమిషం పాటు గట్టిగా లాగే విడతలకు దాచుకోవడం మంచిది.

పాట అంగీకరించదగినదో కాదో తేల్చుకోవడానికి గడియారం చాలు. స్ట్రోక్ మొదలయ్యే దరువులను మాత్రం ఒక నిమిషం లెక్కపెట్టాలి, పాట మధ్యలో మరోసారి లెక్కపెట్టాలి. రెండు లెక్కలూ ఒకటైతే ఆ పాట పనికొస్తుంది. కావలసిన రేటును మాత్రం పాట నిర్ణయించకూడదు. ముందు ఏ సంగీతమూ లేకుండా పది నిమిషాలు, మాట్లాడగలిగేంత ఊపిరి మిగిలే తీవ్రతలో లాగి, శరీరం తనంతట తాను ఏ రేటు దగ్గర స్థిరపడిందో చూసుకుని, దానికి తగిన లయను ఎంచుకోవాలి.

పడవకూ లయకూ ఉన్న బంధం కొత్తది కాదు. ప్రాచీన గ్రీకుల మూడు వరుసల తెడ్ల యుద్ధనౌకల్లో తెడ్డువేసేవారికి కాలం చూపడానికి వేణువు లాంటి వాద్యం వాయించే మనిషి ఉండేవాడు. కేరళ పడవ పందేలకు వంచిపాట్టు ఉంది, తెలుగు తీరంలో వలలు లాగేవారికి, పడవలు నెట్టేవారికి ‘హైలెస్సా’ ఉంది. వీటన్నిటిలో పాట పనిచేసేవారి నోటి నుంచో, పక్కనుంచో వస్తుంది. పని బరువెక్కితే పాట కూడా నెమ్మదిస్తుంది. రికార్డు చేసిన పాటకు ఆ కనికరం లేదు. రోయింగ్ మెషీన్‌పై పాటను వాడేవారు గుర్తుంచుకోవలసిన తేడా ఇదే.

వ్యాయామంలో సంగీతంపై లండన్‌లోని బ్రూనెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కోస్టాస్ కరగియోర్గిస్ దీర్ఘకాలం పరిశోధనలు చేశారు. కదలికను దరువుకు కలిపి చేయడం వేరు, పాటను నేపథ్యంగా వినడం వేరు అని ఆ పరిశోధనలు విడదీసి చూపాయి. తక్కువ, మధ్యస్థ తీవ్రతల్లో సంగీతం దృష్టిని శ్రమ నుంచి మళ్లించి, కష్టపడుతున్నామన్న భావనను సుమారు 10 శాతం తగ్గించగలదు. తీవ్రత ఒక హద్దు దాటాక శరీరం నుంచి వచ్చే సంకేతాలు బలపడి, ఆ మళ్లింపు పనిచేయడం మానేస్తుంది. దరువుకు కదలికను కలపడం వల్ల అగ్రశ్రేణి క్రీడాకారులకూ లాభం ఉంటుందనడానికి ఇథియోపియా పరుగువీరుడు హైలే గెబ్రెసెలాసీ ఉదాహరణ ప్రసిద్ధం: 1998లో బర్మింగ్‌హామ్‌లో ఇండోర్ 2000 మీటర్ల ప్రపంచ రికార్డు నెలకొల్పినప్పుడు, స్టేడియం స్పీకర్లలో మోగుతున్న ఒక పాప్ పాట లయకు ఆయన అడుగులు కలిపారు. అయితే ఆ పాట వేగం ఆయన అడుగుల వేగానికి ముందే సరిపోయినది. సరిపోని పాటతో ఆ ఫలితాన్ని ఆశించలేము.

హైదరాబాద్‌కు సంబంధించి రెండు విషయాలు విడిగా చెప్పుకోవాలి. నగరం సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఇక్కడి గాలి సాంద్రత విశాఖపట్నంలోకంటే సుమారు ఐదు శాతం తక్కువ కాబట్టి, డ్యాంపర్‌ను (చక్రంలోకి వెళ్లే గాలిని సర్దే మీటను) అదే అంకె మీద పెట్టినా చక్రానికి అడ్డుపడే గాలి ఇక్కడ కాస్త పల్చన. రికవరీ సమయంలో చక్రం ఎంత త్వరగా నెమ్మదిస్తోందో మానిటర్ ప్రతి స్ట్రోక్‌లోనూ కొలుస్తుంది కాబట్టి స్ప్లిట్ లెక్క తప్పదు. చేతికి తెలిసే బరువు మాత్రం మారుతుంది. అడ్డు తక్కువైతే డ్రైవ్ త్వరగా ముగుస్తుంది, రెండో దెబ్బ కంటే ముందే హ్యాండిల్ పొట్ట దగ్గరకు చేరుతుంది. వేరే ఊరి నుంచి వచ్చినవారికి అలవాటైన లయ ఇక్కడ సరిపోనట్టు అనిపిస్తే డ్యాంపర్ అంకెకు బదులు మానిటర్ కొలిచే గాలి అడ్డును, అంటే డ్రాగ్ ఫ్యాక్టర్‌ను, చూసి సర్దుకోవాలి.

రెండోది ఎండాకాలం. ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజుల్లో, ఏసీ లేని గదిలో ఒకే శక్తితో లాగుతున్నా గుండె వేగం నిమిషనిమిషానికీ పెరుగుతూ పోతుంది. చెమటతో రక్తంలోని ద్రవం తగ్గడం, చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లడం దీనికి కారణాలు. అలాంటి రోజున తాళం మార్చకుండా, అంటే స్ట్రోక్ రేటును అలాగే ఉంచి, ఒక్కో స్ట్రోక్‌లో బలాన్ని తగ్గించి స్ప్లిట్‌ను ఐదు, పది సెకన్లు జారనివ్వడం సరైన పద్ధతి. పాటకు తగ్గట్టు మొదటి స్ప్లిట్‌నే పట్టుకు వేలాడడం ప్రమాదకరం.

శబ్దం గురించి కూడా ఒక మాట అవసరం. గాలి చక్రం ప్రతి డ్రైవ్‌లోనూ హోరెత్తుతుంది, బలం పెరిగేకొద్దీ హోరు పెరుగుతుంది. దానిపై పైచేయి సాధించాలని ఇయర్‌ఫోన్ల ధ్వని పెంచుకుంటూ పోతే చెవులకు చేటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 40 గంటల వరకు 80 డెసిబెల్స్‌ను సురక్షిత పరిమితిగా సూచిస్తుంది, ధ్వని పెరిగేకొద్దీ ఆ గంటలు వేగంగా తగ్గిపోతాయి. ధ్వని పెంచడానికి బదులు మృదంగం తొప్పి (ఎడమ) వైపు నాదం లాంటి మంద్ర దరువు ఉన్న లయను ఎంచుకుంటే హోరులోనూ స్పష్టంగా తెలుస్తుంది, ఎందుకంటే చక్రం హోరు ఎక్కువగా పై స్థాయుల్లో ఉంటుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో ధ్వని కొంత ఆలస్యంగా చేరుతుందన్న భయం మాత్రం ఇక్కడ వర్తించదు. ఆలస్యం ఎప్పుడూ దాదాపు ఒకే మేరకు ఉంటుంది కాబట్టి దరువుకూ దరువుకూ మధ్య ఎడం మారదు.

హుస్సేన్‌సాగర్ నీళ్లపై పడవలో సాధన చేసేవారికి పైన చెప్పినదేదీ పనికిరాదు. నీటిలో తోటివారి కదలికను, శిక్షకుడి పిలుపును, పక్క పడవ చప్పుడును వినగలగడం భద్రతకు సంబంధించిన విషయం. వారు కూడా వర్షాకాలంలో మెషీన్‌పైకి చేరినప్పుడు తాళాన్ని వాడుకోవచ్చు గానీ, 2000 మీటర్ల పరీక్షకు మాత్రం దాన్ని ఆపేయడమే మంచిది. ఆ ఏడెనిమిది నిమిషాలలో రేటు మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివరి 300 మీటర్లలో మరొకటిగా మారుతుంది, ఏ స్ట్రోక్ దగ్గర పెంచాలో ఊపిరే చెప్పాలి. నిలకడ సాధనలో కూడా వారానికి ఒకసారి తాళం లేకుండా అదే రేటు నిలుస్తోందా అని మానిటర్‌లో చూసుకోవడం అవసరం. అరగంట పొడవునా రేటు ఒక స్ట్రోక్‌కు మించి అటూ ఇటూ కాకపోతే తాళం ఒంట్లో ఇంకినట్టే. అప్పటి నుంచి చెవిలో ఏ పాట మోగినా పెద్ద తేడా ఉండదు.